రేబర్న్‌లు నడవని దారి

మా కిల్‌నారిక్‌లో చీకటి పడ్డాక ఎవరూ తమ సొంత పేరు చెప్పని చోటు ఒకటుంది.

ఊరి చివర, పాత పిల్లల ఆశ్రమం వెనక, బట్టలుతికే గది. మొండి రాతి గోడలు, నల్ల పలకల కప్పు. దాని పక్క నుంచే బస్సు స్టాపుకి కాలిబాట. పగలు చూస్తే ఏముంది, పాపం... వాన పడితే గొర్రెలు ఆ గోడ చాటున నిలబడతాయి. చీకటి పడితే గొర్రెలు కూడా అటు పోవు.

చీకట్లో అటుగా వెళ్తుంటే లోపల్నుంచి ఓ పిల్లాడి గొంతు అడుగుతుందట.

"నీ పేరేంటి?"

చెప్పకుండా పోతే ఆ గొంతు వెంటే వస్తుంది. చెబితే కాసేపు ఆలోచించి, "నువ్వు కాదు" అంటుంది. అంతే, వదిలేస్తుంది.

ఓస్, ఇందులో భయపడ్డానికేముంది అంటారు మీరు. పగటిపూట అందరూ అదే అన్నారు. కానీ చీకట్లో, వానలో, ఒంటరిగా నడుస్తున్నప్పుడు వచ్చే ఆలోచన వేరు. నేను కాదు సరే... మరి వాడు వెతికేది ఎవర్ని? ఈసారి "నువ్వే" అంటే?

అందుకని ఎవరి తెలివి వాళ్లది. పోస్టుమాన్ రాబ్ ముప్పై ఏళ్లుగా తన కుక్క పేరే చెబుతున్నాడు. ఆ కుక్క చచ్చిపోతే ఇంకోదాన్ని తెచ్చుకుని దానికీ అదే పేరు పెట్టాడు, భయంలో కొత్త పేరు గుర్తుకు రాదని. తాగుబోతు షుగ్ అయితే ఓసారి పాస్టరుగారి పేరు చెప్పేశాడట. ఆ వారమంతా పాస్టరుగారికి గొంతు పోయింది. దెయ్యం పనో, డిసెంబరు చలి పనో దేవుడికే తెలియాలి.

ఊళ్లో ప్రతి మనిషీ ఎప్పుడో ఒకసారి ఆ దారిన నడిచినవాడే... ఒక్క రేబర్న్‌లు తప్ప. వాల్టర్ రేబర్న్ బతికున్నన్నాళ్లూ రెండు మైళ్లు చుట్టు తిరిగి బస్సెక్కాడు. కొడుకు హ్యూయీకీ అదే నేర్పాడు. హ్యూయీ తన కూతురు సెంగాకి నేర్పాడు. ఎందుకని అడిగితే వీపు మీద ఒక్కటి పడేది గానీ జవాబు వచ్చేది కాదు.

ఈ కథ ఆ సెంగాది.

సెంగాకి యాభై ఏడేళ్లు. మొగుడు లోరిమర్ పోయి ఆరేళ్లయింది. మనిషి మంచిదే గానీ పాత కాగితాల పిచ్చి. జనాభా లెక్కల కాగితాలు, పెళ్లి రిజిస్టర్లు, సమాధి రాళ్లు... వీటి మధ్య పడితే తిండి కూడా గుర్తుండదు. ఆస్ట్రేలియా నుంచి ఎవరో రాస్తారు, మా ముత్తాత మీ ఊరివాడట అని. సెంగా నాలుగు రోజుల్లో ఆ ముత్తాతనీ, ఆయన దాచిపెట్టిన రెండో పెళ్లాన్నీ కూడా బయటికి లాగేస్తుంది.

మా రిజిస్టర్లలో పెళ్లయినా ఆడదాని పుట్టింటి పేరు పోదు. ముందు పుట్టింటి పేరు, తర్వాత "లేదా" అని మొగుడింటి పేరు. సమాధి రాయి మీద కూడా అంతే. ఇరవై ఏళ్లు అవే చదివి చదివి సెంగాకి ఆ వరస నోటికి అంటుకుపోయింది. బ్యాంకులో పేరడిగినా "రేబర్న్, లేదా లోరిమర్" అనేది. కౌంటరులో పిల్ల నవ్వుకునేది.

కిందటి వేసవిలో, గుండె జబ్బుతో మంచం పట్టిన తండ్రి ఆమెని దగ్గరికి పిలిచాడు.

"ఒసే సెంగా. ఊళ్లోవాళ్ల తాతలందర్నీ తవ్వి తీస్తావు. మనింటివాణ్ణి ఎప్పుడు తీస్తావే?"

"ఎవర్ని నాన్నా?"

"మా పెదనాన్నని. డూగల్‌ని."

ఆ పేరు ఆ ఇంట్లో వినబడటం అదే మొదలు. హ్యూయీ పైకప్పు వైపు చూస్తూ చెప్పుకుపోయాడు.

వెయ్యిన్నీ తొమ్మిది వందల పది. బొగ్గుగనిలో మొగుడు పోయాక జెస్సీ రేబర్న్‌కి మిగిలింది ఒక గది, ఒక మంచం, ఇద్దరు కొడుకులు. డూగల్‌కి ఏడేళ్లు, వాల్టర్‌కి నాలుగు. బతకాలి కాబట్టి ఆ మంచంలోనే సగం ఓ పనిమనిషికి అద్దెకిచ్చింది. ఓ రోజు పొద్దున పక్క తడిసి ఉంది. ఆ అద్దెమనిషి లేచి దులిపేసింది — పక్క తడిపే పిల్లాడున్న ఇంట్లో ఒక్క రోజు ఉండను, వాడైనా పోవాలి, నేనైనా పోవాలి అని. జెస్సీ ఇద్దర్నీ నిలబెట్టి అడిగింది, ఎవరు తడిపారని.

"మా నాన్న డూగల్‌ని చూపించాడే. వేలు పెట్టి చూపించాడు. నేను కాదమ్మా అని డూగల్ ఏడిచాడట. ఎవరు నమ్ముతారు? చిన్నోడు అబద్ధం చెబుతాడా! ఆ సాయంత్రమే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఆశ్రమంలో ఇచ్చేసింది."

హ్యూయీ ఊపిరి కూడగట్టుకున్నాడు.

"తడిపింది మా నాన్న."

ఆ మీదట జెస్సీ నెలనెలా ఆశ్రమం గేటు దగ్గరికి వెళ్లి నిలబడేది. ఒకసారి చూపించేవాళ్లు, రెండుసార్లు తిప్పి పంపేవాళ్లు. మరుసటి ఏడాది జూన్‌లో చెప్పారు — నీ కొడుకుని కెనడా పొలాలకి పంపేశాం, అదృష్టవంతుడు, ఇక రాకు అని. పాతికేళ్లు ఉత్తరం కోసం చూసి ఆ తల్లి పోయింది.

"ఆ ఆశ్రమం గోడ చూడలేకే మా నాన్న ఆ దారి తొక్కేవాడు కాదు. పోయేముందు నా చెయ్యి ఇలా పట్టుకున్నాడు. డూగల్ పిల్లలెవరైనా దొరికితే తడిపింది నేనేనని చెప్పు, క్షమించమని అడుగు అన్నాడు. క్షమించారన్న మాట తెచ్చాకే నా పక్కకి రా అన్నాడే. నేనేమో నలభై ఏళ్లు ఏమీ చెయ్యలేదు... నేను కొత్త సంవత్సరం చూడనని డాక్టరంటున్నాడు. ఉత్త చేతుల్తో ఆయన దగ్గరికి ఎలా పోనే?"

ఎనభై ఏళ్ల మనిషి, జన్మలో కన్నీళ్లు పెట్టనివాడు, ముక్కు తుడుచుకోవడానికి చొక్కా చేతిని వెతుక్కున్నాడు. 

ఇక ఆమె పని పట్టింది. జనాభా లెక్కల కాగితాలు నూరేళ్లు నిండితే గానీ తెరవరు. పంతొమ్మిది వందల పదకొండు నాటివి అంతకు ముందు ఏడే తెరిచారు. ఏప్రిల్ రెండు, ఆదివారం రాత్రి, ఏ కప్పు కింద ఎవరు పడుకున్నారో ఇంటింటికీ రాసిన కాగితాలు. కిల్‌నారిక్ ఆశ్రమం. అరవై ఒక్క మంది మగపిల్లలు. నలభై నాలుగో వరసలో — డూగల్ రేబర్న్, ఎనిమిదేళ్లు. ఆ కింది వరసలో — టామ్ గిల్‌రాయ్, ఎనిమిదేళ్లు, పుట్టిన చోటు తెలియదు.

జూన్ నెల ఓడ పట్టీలో మళ్లీ డూగల్ రేబర్న్. అక్కణ్నుంచి ఒంటారియోలో ఓ పొలం, ఓ పెళ్లి, ఓ కొడుకు, ఓ మనవడు. ఆ మనవడి పేరు వెండెల్. నవంబరులో ఫోన్లో దొరికాడు.

"మా తాతకి చుట్టాలున్నారా! ఎవరూ లేరనేవాడండీ ఎప్పుడూ," అన్నాడతను.  "పండగలోపు వస్తాను. బాబాయ్‌కి చెప్పండి, నేనొచ్చేదాకా ఓపిక పట్టమని."

హ్యూయీ ఆ మాట విని మూడు చెంచాల జావ ఎక్కువ తాగాడు.

వెండెల్ వచ్చేది శనివారం. గురువారం నాడు సెంగాకి ఓ కోరిక పుట్టింది. వచ్చినవాడికి వాళ్ల తాత గురించి ఆశ్రమం సొంత పుస్తకాల్లో ఏముందో చూపిస్తే ఎంత బాగుంటుంది! ఆ పుస్తకాలు ఏ రికార్డుల భవనంలోనూ లేవు. ఆశ్రమం గేటు పక్క చిన్న ఇంట్లో, మిస్ బేతియా క్రౌ మంచం కింద ఉన్నాయి.

బేతియాకి ఎనభై రెండు. ఆమె తల్లి ఆ ఆశ్రమానికి ఆఖరి మేట్రన్, అమ్మమ్మ అంతకు ముందు మేట్రన్. మూడు తరాలుగా ఊరి పిల్లల్ని వణికించిన ఇల్లు. పిల్లలు పోయారు గానీ ఆ చూపు పోలేదు.

సెంగాకి టీ ఇవ్వలేదు. మా దగ్గర గడప తొక్కినవాళ్లకి టీ ఇవ్వలేదంటే చెంప మీద కొట్టినట్టే.

"రేబర్న్ పిల్లవి కదూ. చూసుకో. ఫోటోలు తియ్యకు. ముక్కు చీదితే పుస్తకానికి దూరంగా చీదు."

రెండు పుస్తకాలు. ఒకటి శిక్షలది, ఒకటి చావులది. సెంగా శిక్షల పుస్తకంలో ఏప్రిల్ నెల వెతికింది. చక్కటి గుండ్రటి అక్షరాలు.

ఏప్రిల్ 2, ఆదివారం. డూగల్ రేబర్న్. పక్క తడిపినందుకు. చన్నీళ్లు. తెల్లారేదాకా బట్టలుతికే గది.

ఆమె కళ్లు చెమర్చాయి. పేజీ తిప్పింది. మళ్లీ ఎక్కడా ఆ పేరు లేదు. చావుల పుస్తకం తీసింది.

ఏప్రిల్ 3, సోమవారం. టామ్ గిల్‌రాయ్. చలి వల్ల. బట్టలుతికే గదిలో.

"ఇద్దర్నీ పెట్టారా ఆ గదిలో?" అంది సెంగా.

బేతియా అల్లుకుంటున్న మేజోడు ఆపలేదు. "రాసింది అదే కదా."

"పాపం, ఆ గిల్‌రాయ్..."

"వాడికెవరూ లేరు. రైలు స్టేషన్‌లో దొరికాడు. ఎవరూ లేనివాడు చస్తే సుఖం. ఎవరికీ ఉత్తరం రాయక్కర్లేదు." ముసలామె కళ్లెత్తి చూసింది. చిన్నగా నవ్వినట్టనిపించింది. "బస్సు టైమైంది. నా తలుపు వేసుకోవాలి."

నాలుగున్నర. బయట కటిక చీకటి, మంచుతో కలిసిన వాన. బస్సుకి పావుగంట ఉంది. చుట్టుదారిన పోతే అందదు, ఇంటి దగ్గర తండ్రికి తోడు కూర్చున్న పక్కింటావిడ ఆరింటికి వెళ్లిపోవాలి. సెంగా కాలిబాట వైపు చూసింది. యాభై ఏడేళ్లొచ్చాయి, ఎవరి గొంతుకో భయపడటమేంటి? అడిగితే రాబ్ కుక్క పేరు చెబితే సరి. బస్టర్. బస్టర్. నోట్లో అనుకుంటూనే నడిచింది.

గది దగ్గరికొచ్చింది. చెక్క తలుపు. బయట్నుంచి ఇనప గడియ వేసి ఉంది. గడియ మీద మంచు పేరుకుని తెల్లగా మెరుస్తోంది.

దాటేసింది. నాలుగడుగులు... ఐదు...

"నీ పేరేంటి?"

పిల్లాడి గొంతే. భయపెట్టే గొంతు కాదు. జలుబు చేసి, ముక్కు మూసుకుపోయి, పళ్లు టకటకలాడుతున్న గొంతు.

బస్టర్ అనే చెప్పాలనుకుంది. ఒట్టేసి చెబుతుంది ఇప్పటికీ. కానీ ఇరవై ఏళ్ల అలవాటు భయం కన్నా ముందు పరిగెత్తింది.

"సెంగా రేబర్న్... లేదా లోరిమర్."



'నువ్వు కాదు' అనే మాట కోసం ఎదురు చూసింది. రాలేదు. వాన చప్పుడు.  లోపల, తలుపుకి చాలా దగ్గరగా, ఎవరో పాకుతూ వచ్చిన చప్పుడు...

"మా అమ్మ పంపిందా?"

సెంగా తనకి తెలియకుండానే వెనక్కి, ఆ తలుపు దగ్గరికి నడిచింది.

"ఇంట్లో తడిపింది నేను కాదని చెప్పాడా వాల్టర్? ఇక్కడ తడిపాను. అక్కడ మాత్రం నేను కాదు."

"నువ్వు... ఎవరు బాబూ?"

"డూగల్."

"కాదు," అంది సెంగా గుసగుసగా. "డూగల్ కెనడా వెళ్లాడు. నేను చూశాను. ఓడ కాగితంలో ఉంది."

"టామ్ వెళ్లాడు. నా పేరు వాడికిచ్చారు."

ముక్కు ఎగపీల్చుకున్నాడు.

"నువ్వు రేబర్న్‌వే కదా. గడియ తియ్యి. నాకు అందదు. బయటుంది."

గడియ మూరెడు దూరంలో ఉంది. చెయ్యి చాస్తే అందుతుంది. సెంగా చెయ్యి చాచింది కూడా. వేళ్లు ఆ చల్లటి ఇనుముకి తగిలాయి.

అవతల్నుంచి, తలుపు కింది సందులోంచి, నాలుగు చిన్న వేళ్లు బయటికొచ్చాయి. నీలంగా.

సెంగా పరిగెత్తింది.

ఏ దేవుడు పరిగెత్తించాడో తెలియదు, బస్సు వైపు కాక వెనక్కి, దీపం కనిపించే వైపు పరిగెత్తింది. వెనక నుంచి పిలుపు వినబడుతూనే ఉంది. అరుపు కాదు. "రేబర్న్... రేబర్న్..." అని, బతిమాలుతూ.

బేతియా తలుపు తీసింది. ఆమె మొహం చూసి అడ్డు తొలగలేదు, గుమ్మంలోనే నిలబెట్టింది.

"పేరు చెప్పావా?"

సెంగా తలూపింది.

"ఏ పేరు?"

"పుట్టింటి పేరు."

"ఓహో," అంది బేతియా. మేజోడు ఇంకా చేతిలోనే ఉంది. "ఎప్పటికైనా ఎవరో ఒక రేబర్న్ చెబుతారని మా అమ్మ అనేది. సరే, విను. పొద్దున గడియ తీసేసరికి పిల్లాడు బిగుసుకుపోయి ఉన్నాడు. చావుకి కాదు మా అమ్మమ్మ భయపడింది, మీ జెస్సీకి. నెలనెలా గేటు దగ్గర వేలాడేది కదా! చచ్చాడంటే శవం చూపించమనదూ? ఒంటి మీద వాతలు చూడదూ? అదే కెనడా పంపామంటే, ఏం చూపించమంటుంది?"

"గిల్‌రాయ్..."

"ఇద్దరిదీ ఒకే ఈడు. వాడి పేరు పీనుగుకి పెట్టి, పీనుగు పేరు వాడికి పెట్టింది. డూగల్ అని పిలిస్తే పలికేదాకా రెండు నెలలు కడుపు మాడ్చింది. వాడికేం పోయింది? అసలు పేరు ఎవరు పెట్టారో కూడా తెలియని వెధవ."

 సొంత అమ్మమ్మ పిండి వంటల గురించి చెప్పినంత తేలిగ్గా చెప్పింది ముసలామె.

"గడియ తియ్యమన్నాడా?"

"...ఆ."

"తీశావా?"

సెంగా తల దించుకుంది.

"తియ్యవులే," అంది బేతియా. "వాణ్ణి వదిలేసి పోవడం మీ ఇంటివాళ్లకి కొత్తా?"

తలుపు మూసేసింది. సెంగా చుట్టుదారిన రెండు మైళ్లు తడుస్తూ నడిచి, తర్వాతి బస్సెక్కి ఇల్లు చేరింది.

ఆ రాత్రి నిద్ర లేదు. శుక్రవారం బాగా తెల్లారాక, మనసు రాయి చేసుకుని మళ్లీ వెళ్లింది. గడియ తీసేద్దామని. ఏమైతే అదయిందని.

బట్టలుతికే గదికి తలుపు లేదు.

గడియా లేదు. ఖాళీ గుమ్మం, లోపల గొర్రెల పెంటికలు, ఓ మూల విరిగిన రాతి తొట్టి. ఉత్తరాల సంచితో అటుగా వస్తున్న రాబ్ ఆగాడు.

"తలుపేదని అడుగుతావేంటక్కా? నేను ఉద్యోగంలో చేరక ముందే పిల్లలు చలిమంట వేసుకున్నారు దాన్ని. నలభై ఏళ్ల పైమాటే. ఏం, ఒంట్లో బాగోలేదా?"

రాబ్ వెళ్లేదాకా ఆగి, సెంగా ఆ ఖాళీ గుమ్మంలో నిలబడింది. "డూగల్ తాతా," అంది. "వచ్చాను. బయటికి రా." ఎనిమిదేళ్ల పిల్లాణ్ణి తాతా అని పిలవడానికి నోరు తిరగలేదు. ఎవరూ పలకలేదు. తీయగలిగిన గడియ నిన్న సాయంత్రం ఒక్కసారే ఉంది. అప్పుడు తియ్యలేదు.

తండ్రికి చెప్పలేదు. ఎలా చెబుతుంది? నీ పెదనాన్న ఏ కెనడాకీ పోలేదు, మీ నాన్న చెప్పిన ఒక్క అబద్ధానికి కూతవేటు దూరంలో చలికి చచ్చాడు, అతని పిల్లలంటూ ఎవరూ లేరు, నిన్ను క్షమించే నోరు ఈ భూమ్మీద లేదు... గుండె జబ్బు మనిషికి ఈ మాటలు చెబుతామా? ఉన్న రెండు రోజులూ ప్రశాంతంగా పోనీ అనుకుంది. అనుకోవడంలో తప్పేమీ లేదు.

శనివారం మూడు గంటలకి వెండెల్ వచ్చాడు. గుమ్మం నిండా మనిషి, ఎర్రటి బుగ్గలు, చేతిలో మేపుల్ పాకం సీసా. సెంగాని చూస్తూనే కావలించుకుని ఏడ్చేశాడు. వంటింట్లో టీ తాగుతూ తాత గురించి చెప్పాడు.

"తమాషా మనిషండీ. డూగల్ అని పిలిస్తే మొదటిసారి పలికేవాడు కాదు. రెండోసారి పిలిస్తేనే ఉలిక్కిపడి లేచేవాడు. చెవుడేమో అనుకునేవాళ్లం. చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయన్నాడు డాక్టరు."

నవ్వాడు. సెంగా నవ్వలేదు. ఈ మనిషికీ తను చెప్పాల్సింది ఒకటుంది. ఇతను కావలించుకున్నది తన రక్తాన్ని కాదు. అదీ మింగేసింది.

"వెండెల్ గారూ, మా నాన్న మిమ్మల్ని ఒకటి అడుగుతాడు. క్షమించమని. 'మా తాత క్షమించేశాడు' అని చెప్పండి."

"మా తాత అలా ఎప్పుడూ అనలేదండీ. అసలు ఏం జరిగిందో మాకు..."

"ఒక్క మాట. ఆయనకి టైం లేదు."

వెండెల్ ఆమె మొహం చూసి, సరేనన్నాడు.

లోపల హ్యూయీకి తెల్ల చొక్కా వేసి, దిండ్లకి ఆనించి కూర్చోబెట్టారు. కిటికీ అవతల అప్పుడే చీకటి కమ్ముకుంది. వెండెల్ మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని ముసలాయన చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"బాబాయ్."

హ్యూయీ అతని మొహమంతా వెతికాడు. ఎక్కడో ఓ పోలిక దొరుకుతుందేమోనని. దొరికిందనుకున్నాడో ఏమో, నోరు విప్పాడు.

"తడిపింది మా నాన్న, బాబూ. మీ తాత కాదు. నాలుగేళ్ల వెధవ, వాతలకి భయపడి వేలు చూపించాడు. ఆ తర్వాత జీవితంలో ఒక్క రాత్రి మంచం మీద పడుకోలేదు, నేల మీదే. చచ్చేదాకా అదే బాధ. మీ తాత తరఫున... క్షమించానని ఒక్క మాట..."

వెండెల్ కళ్లు తుడుచుకున్నాడు. సెంగా తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"ఎప్పుడో క్షమించాడు బాబాయ్. మా తాత మీ నాన్నని ఎప్పుడో క్షమించేశాడు."

హ్యూయీ మొహం మీద ముడతలన్నీ ఒక్కసారిగా సడలాయి. ఎనభై ఏళ్ల మొహం పిల్లాడి మొహంలా అయిపోయింది. కళ్లు మూసుకుని, "అమ్మయ్య," అన్నాడు.

అప్పుడు గుమ్మంలోంచి, సెంగా మోచేతి పక్క నుంచి, జలుబు చేసిన గొంతు పలికింది.

"నేనెప్పుడన్నాను?"

వెండెల్ వెనక్కి తిరిగాడు. "ఎవరు? ఇంట్లో పిల్లాడున్నాడా?"

గుమ్మంలో ఎవరూ లేరు. నేల మీద మాత్రం, గడప ఇవతల, నీళ్లు. రెండు చిన్న పాదాలంత మేర.

హ్యూయీ కళ్లు తెరిచాడు. వెండెల్ చేతుల్లోంచి తన చెయ్యి నెమ్మదిగా లాక్కున్నాడు. తను పట్టుకున్న చెయ్యి డూగల్ మనవడిది కాదని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది ఆయనకి. తల గుమ్మం వైపు తిప్పాడు.

"పెదనాన్నా... మరి ఇప్పుడంటావా?"

గుమ్మంలో ముక్కు ఎగపీల్చిన చప్పుడు మాత్రం వినబడింది.

"ఇప్పుడైనా అను నాయనా. ఒక్క మాట."

తెల్లారేదాకా అదే అడిగాడు. మొదట బతిమాలుతూ, తర్వాత ఏడుస్తూ, చివరికి గొంతు పోయి పెదాలు మాత్రం కదుపుతూ. వెండెల్ ఓ మూల గోడకి ఆనుకుని కూర్చున్నాడు. సెంగా తండ్రి కాళ్ల దగ్గర కూర్చుని ఆ గుమ్మాన్నే చూసింది. వచ్చినవాడు వెళ్లిపోలేదు. ముక్కు ఎగపీల్చుకోవడం రాత్రంతా వినబడుతూనే ఉంది. అంత దగ్గర్లో ఉన్నాడు, అంతా విన్నాడు, హ్యూయీ ఊపిరి ఆగేదాకా నిలబడే ఉన్నాడు. ఆ ఒక్క మాటా అనలేదు.